మాత్ర మొదలైన తొలి ఆరు వారాలు

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని ఒక కమ్యూనిటీ హాలులో, థైరాయిడ్ మాత్రలు వాడుతున్నవారికీ వాళ్ళ ఇంట్లోవాళ్ళకీ ఒక వైద్యురాలు ఇచ్చిన ప్రసంగానికి అక్షర రూపం.

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డుకి వెళ్ళకుండా ఇంతమంది ఇక్కడికి వచ్చారంటే, ఈ మాత్ర ఎన్ని ఇళ్ళల్లోకి వచ్చిందో అర్థమవుతోంది. వెనక ఫ్యాన్ల కింద ఉన్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే.

మా అమ్మ సంగతితో మొదలుపెడతాను. పన్నెండేళ్ళ కిందటి మాట. అమ్మకి అప్పుడు 67. సీతమ్మధారలో ఒక్కతే ఉండేది. నేను వేరే ఊళ్ళో పనిచేసేదాన్ని. ఒళ్ళంతా బరువుగా ఉంటోందనీ, మెట్లు ఎక్కలేకపోతున్నాననీ ఫోన్లో చెబితే పరీక్ష చేయించుకోమన్నాను. థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ 38 వచ్చింది, అంటే చాలా ఎక్కువ. దగ్గర్లో ఉన్న క్లినిక్‌లో చూపించుకుంది. మొదటి రోజే 100 మైక్రోగ్రాముల మాత్ర రాసిచ్చారు. వేసుకుంటున్నావా అని అడిగితే, ఆఁ వేసుకుంటున్నానమ్మా అనేది. నేనూ నమ్మాను.

సంక్రాంతికి ఇంటికి వచ్చాను. తలుపు తీసిన మనిషిని చూసి భయపడ్డాను. కళ్ళ కింద ఉబ్బు, బొంగురు గొంతు, మాట మాటకీ మధ్య ఆగడం. ముగ్గు వేస్తూ వేస్తూ మెట్టు మీద కూర్చుని అక్కడే కునుకు తీసింది. వంటింట్లో వెతికితే చింతపండు డబ్బా వెనక మాత్రల సీసా దొరికింది. బల్ల మీద ఒంపి లెక్కపెట్టాను. వంద మాత్రల సీసా అది. 86 ఉన్నాయి. అంటే పధ్నాలుగు రోజులు వేసుకుని మానేసింది. మూడు నెలలుగా ఎవరికీ చెప్పలేదు.

ఎందుకమ్మా అంటే అప్పుడు చెప్పింది. రెండో వారం వచ్చేసరికి రాత్రిళ్ళు గుండె చెవిలో కొట్టుకుంటున్నట్టు ఉండేదట. మంచం పట్టె పట్టుకుని తెల్లవార్లూ కూర్చునేదట. చేతులు వణికి కాఫీ గ్లాసు ఒలికిపోయేదట. "ఆ మందు నాకు పడలేదమ్మా, నీకు చెబితే టెన్షన్ పడతావని చెప్పలేదు" అంది.

ఈ పన్నెండేళ్ళలో ఇదే మాట ఎంతమంది నోట విన్నానో. "పడలేదు, మానేశాను." అమ్మ చెప్పిన దడ నిజం. కానీ పడనిది మందు కాదు, మందు మొదలుపెట్టిన వేగం. దడ వచ్చినప్పుడు డాక్టరు దగ్గరకి వెళ్ళి చెప్పి ఉంటే మోతాదు తగ్గేది, మూడు నెలలు పోయేవి కావు. ఈ సాయంత్రం మీకు చెప్పాలని వచ్చింది ఈ ఒక్క సంగతే. మిగతాదంతా దాని వివరం.

థైరాయిడ్ మన మెడ ముందు భాగంలో, గొంతుముడికి కింద, సీతాకోకచిలుక రెక్కలు చాచినట్టు ఉండే చిన్న గ్రంథి. అది తయారుచేసేది ముఖ్యంగా థైరాక్సిన్ అనే హార్మోన్. గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలి, పేగులు ఎంత కదలాలి, ఒంట్లో వేడి ఎంత పుట్టాలి అన్నీ దాని మీద నడుస్తాయి. అది తగ్గితే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఇంకా చెయ్యి, ఇంకా చెయ్యి అని గట్టిగా కబురు పెడుతుంది. ఆ కబురే టీఎస్‌హెచ్. అందుకే హార్మోన్ తగ్గినప్పుడు టీఎస్‌హెచ్ పెరుగుతుంది. రిపోర్టులో ఎక్కువ అని ఉంటే థైరాయిడ్ ఎక్కువైందని చాలామంది అనుకుంటారు. ఎక్కువైంది కేక, పని కాదు.

ఇది మన దగ్గర అరుదైన జబ్బు కూడా కాదు. 2013లో అచ్చయిన ఒక అధ్యయనంలో హైదరాబాద్‌తో కలిపి ఎనిమిది నగరాల్లో 5,376 మంది పెద్దవాళ్ళని పరీక్షిస్తే దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ తక్కువగా పనిచేస్తోందని తేలింది. సముద్రం పక్కన ఉన్నాం, అయోడిన్ ఉండే చేపలు తింటాం, మనకి రాదులే అనుకోవడానికి లేదు. ఇప్పుడు పట్టణాల్లో మనం చూసే వాటిలో ఎక్కువ భాగం అయోడిన్ లోపం వల్ల వచ్చేవి కావు. మన రోగనిరోధక శక్తే మన గ్రంథి మీద తిరగబడటం వల్ల వచ్చేవి. 1912లో జపాన్ వైద్యుడు హషిమోటో దాన్ని వర్ణించాడు, ఆయన పేరే దానికి ఉండిపోయింది.

మాత్ర విషయానికి వస్తాను. 1891లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో జార్జ్ ముర్రే అనే డాక్టరు 46 ఏళ్ళ స్త్రీకి గొర్రె థైరాయిడ్ రసాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చాడు. అప్పటిదాకా ఈ జబ్బు ముదిరితే చేసేదేమీ ఉండేది కాదు. ఆవిడ లేచి తిరిగింది, ఇంకో 28 ఏళ్ళు బతికింది. ఆ 28 ఏళ్ళలో 870కి పైగా గొర్రెల గ్రంథులు ఆవిడ మందుకి ఖర్చయ్యాయి. 1914 డిసెంబర్ 25న అమెరికాలో కెండాల్ అనే శాస్త్రవేత్త థైరాక్సిన్‌ని విడిగా తీయగలిగాడు. 1927 నాటికి ప్రయోగశాలలోనే తయారుచేయడం వచ్చింది. ఈ రోజు మీరు ఎల్ట్రాక్సిన్ అన్నా, థైరోనార్మ్ అన్నా, థైరాక్స్ అన్నా లోపల ఉన్నది ఒకటే, లీవోథైరాక్సిన్. మీ గ్రంథి తయారుచేసేదానికీ దీనికీ తేడా మీ శరీరానికి తెలియదు.

ఇంత చరిత్ర ఎందుకు చెప్పానంటే, సైడ్ ఎఫెక్ట్ అనే మాటకి ఇక్కడ అర్థం కాస్త వేరు. నొప్పి మాత్ర కడుపులో మంట పుట్టిస్తే అది బయటి రసాయనం చేసిన పని. ఈ మాత్ర బయటిది కాదు, మన ఒంట్లో ఉండాల్సినదే. కాబట్టి ఇది వేసుకున్నాక వచ్చే ఇబ్బందుల్లో చాలా భాగం రెండే కారణాలతో వస్తాయి. మోతాదు ఎక్కువవడం, లేదా ఒళ్ళు సిద్ధం కాకముందే తొందరపెట్టడం. ఏళ్ళ తరబడి హార్మోన్ తక్కువతో నడిచిన శరీరం చాన్నాళ్ళు మంచం పట్టి లేచిన మనిషి లాంటిది. ఆ మనిషిని లేచిన రోజే సింహాచలం మెట్లు ఎక్కిస్తామా? ముందు గదిలో నడిపిస్తాం, తర్వాత వీధి గుమ్మం దాకా తీసుకెళ్తాం.

ఇంకో ముఖ్యమైన విషయం. ఈ హార్మోన్ ఒంట్లో చాలా రోజులు ఉంటుంది. ఈ రోజు వేసుకున్న దానిలో సగం వారం తర్వాత కూడా ఇంకా రక్తంలోనే తిరుగుతుంటుంది. దాని మీద రేపటిది, ఎల్లుండిది చేరుతూ పోతాయి. అలా పెరిగి పెరిగి ఒక మట్టానికి వచ్చి నిలబడటానికి ఐదారు వారాలు పడుతుంది. అందుకే మొదటి రోజు ఏమీ అనిపించదు. రెండో వారంలో, మూడో వారంలో దడ మొదలవుతుంది. అప్పుడు మనం నిన్న తిన్న చేపల పులుసుని అనుమానిస్తాం కానీ మాత్రని అనుమానించం. లేదా అమ్మలాగా మాత్రనే శాశ్వతంగా అనుమానిస్తాం. మేం ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాతే మళ్ళీ టీఎస్‌హెచ్ చేయించమనడం కూడా ఇందుకే. పది రోజులకే పరీక్ష చేయించుకుని ఏమీ తగ్గలేదని డోసు పెంచేసుకుంటే, మట్టం ఇంకా పెరుగుతూ ఉండగానే ఇంకొన్ని బిందెలు పోసినట్టు అవుతుంది.

ఏం అనిపించవచ్చో చెబుతాను. గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం, చిరాకు, ఆకలి పెరగడం, విరేచనాలు, తలనొప్పి, కొందరికి కండరాలు పట్టెయ్యడం, ఆడవాళ్ళకి నెలసరి అటూ ఇటూ అవడం. చెమట కూడా. ఇక్కడ మన ఊరి సంగతి ఒకటి ఉంది. మే నెలలో ఈ ఉక్కపోతకి మాత్ర వేసుకోనివాళ్ళకి కూడా చొక్కా తడుస్తుంది. ఇంట్లో అందరికీ పడుతోందా, నాకొక్కదానికే పడుతోందా, ఫ్యాన్ కింద కూర్చున్నా పడుతోందా అన్నది చూసుకోండి. ఏళ్ళుగా చలిగా ఉండి దుప్పటి కప్పుకున్నవాళ్ళకి ఇప్పుడు మామూలు వేడి తెలుస్తుంది. అది సైడ్ ఎఫెక్ట్ కాదు, ఒళ్ళు తిరిగి రావడం.

మరి ఏది మంచిది, ఏది ఎక్కువ అని ఇంట్లో ఎలా తెలుస్తుంది? దానికి పైసా ఖర్చు లేని పద్ధతి ఉంది. అందరూ ఎడమ చెయ్యి ముందుకి చాచి, అరచెయ్యి పైకి పెట్టండి. బొటనవేలు మొదట్లోంచి కిందికి వస్తే మణికట్టు దగ్గర ఎముక తగులుతుంది. దాని పక్కన పల్లంలో కుడి చేతి మూడు వేళ్ళు ఆనించండి. బొటనవేలితో చూడకండి, దానికి సొంత నాడి ఉంటుంది. గట్టిగా నొక్కకండి. తెలుస్తోందా? ఆ మూల అమ్మమ్మగారికి దొరకలేదు, పక్కన బాబూ, కొంచెం చూపించు. ఇప్పుడు గోడ గడియారం చూస్తూ అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయండి. ఇక్కడికి మెట్లెక్కి వచ్చారు కాబట్టి ఎక్కువే ఉంటుంది, దాన్ని పట్టించుకోకండి. ఇంట్లో పొద్దున్న మెలకువ వచ్చాక, మంచం దిగకముందు చూసుకోవాలి. మాత్ర మొదలుపెట్టే ముందు రోజు నుంచే మొదలుపెట్టండి.

అప్పుడు 60 ఉండి, నెల తర్వాత 72 అయితే గుండె తన మామూలు నడకలోకి వస్తోందని. పడుకుని ఉన్నప్పుడు కూడా రోజూ 100 దాటుతుంటే, లేదా రెండు కొట్టి ఒకటి తప్పి, మళ్ళీ గబగబా నాలుగు కొట్టి ఇలా లెక్క కుదరకుండా ఉంటే, మీ డాక్టరుకి ఆ రోజే చెప్పండి. ఛాతీలో బిగపట్టినట్టు ఉన్నా, ఎడమ చెయ్యి లాగుతున్నా, ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగి పడిపోయినా ఆగకండి. 108కి ఫోన్ చేయండి. అది గ్యాసేమోనని సోడా తాగి పడుకోవద్దు.

గుండె మీద ఇంత ఎందుకు చెబుతున్నానంటే, థైరాయిడ్ తక్కువగా ఉన్నప్పుడు గుండె నెమ్మదిగా పనిచేస్తుంది, దానికి కావలసిన ఆక్సిజన్ కూడా తక్కువే. రక్తనాళాల్లో పూడిక ఉన్నా అప్పుడు బయటపడదు. మాత్రతో ఒక్కసారిగా గుండెని పరుగెత్తిస్తే ఆక్సిజన్ ఎక్కువ కావాలి, పూడిన నాళం ఇవ్వలేదు. అప్పుడు నొప్పి వస్తుంది. ముప్పై ఏళ్ళ అమ్మాయికి, గుండె బాగున్నవాళ్ళకి, బరువుకి కిలోకి 1.6 మైక్రోగ్రాముల లెక్కన పూర్తి మోతాదే మొదటి రోజు ఇవ్వొచ్చు. 60 కిలోల మనిషికి అది సుమారు వంద. మా అమ్మకి రాసిన వంద ఆ లెక్కదే. కానీ అరవై దాటినవాళ్ళకి, గుండె జబ్బు ఉన్నవాళ్ళకి 12.5తోనో 25తోనో మొదలుపెట్టి, కొన్ని వారాలకోసారి కొంచెం కొంచెం పెంచాలి. అమ్మకి ఈసీజీ తీయించి, 25 మాత్రని సగం చేసి మొదలుపెట్టాం. ఆరేసి వారాలకి ఒక మెట్టు. 75కి చేరడానికి ఏడు నెలలు పట్టింది. వంటింటి గోడకి తగిలించిన క్యాలెండర్‌లో ప్రతి తేదీ కింద పెన్సిల్‌తో నాడి రాసేది. 54, 56, 56, 58. ఆ గళ్ళు చూస్తే రిపోర్టుల కన్నా నాకు ఎక్కువ తెలిసేది.

మీలో చాలామంది ఆడపిల్లలు అడగాలనుకుని అడగని ప్రశ్న జుట్టు. జుట్టు రాలుతోందని పరీక్ష చేయించుకుంటారు, థైరాయిడ్ అంటారు, మాత్ర మొదలుపెడతారు. రెండు నెలలకి దువ్వెనలో ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. ఆ రోజే సీసా చెత్తబుట్టలోకి పోతుంది. మాత్ర మొదలుపెట్టిన తొలి నెలల్లో కొందరికి అలా రాలడం ఉంటుంది, అది తాత్కాలికం. జుట్టు చాలా నెమ్మదిగా స్పందించే వస్తువు. టీఎస్‌హెచ్ మామూలుకి వచ్చాక కూడా కొన్ని నెలలు ఆగాలి. ఈలోగా ఐరన్ తక్కువేమో కూడా చూపించుకోండి, మన అమ్మాయిల్లో రెండూ కలిసే ఉంటాయి చాలాసార్లు.

బరువు గురించి కూడా నిజం చెప్పాలి. థైరాయిడ్ వల్ల పెరిగే బరువు మామూలుగా కొన్ని కిలోలే, అందులోనూ చాలావరకు నీరు, ఉప్పు. మాత్రతో అది దిగుతుంది, పదిహేను కిలోలు దిగవు. దిగలేదని రెండు మాత్రలు వేసుకున్నవాళ్ళని చూశాను. దయచేసి ఆ పని చేయకండి. 1994లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనంలో 60 దాటినవాళ్ళలో టీఎస్‌హెచ్ మరీ అడుగంటినవాళ్ళకి పదేళ్ళలో గుండె లయ తప్పే జబ్బు మూడు రెట్లు ఎక్కువగా వచ్చింది. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళకి ఎముకలు కూడా పలచబడతాయి.

కొందరికి దడ ఒక వారం ఉంటుంది, ఒక వారం ఉండదు. స్టీల్ ప్లాంట్‌లో పనిచేసే ఒకాయన ఇలాగే వచ్చారు. డోసు ఎంత మార్చినా టీఎస్‌హెచ్ నిలకడగా ఉండట్లేదు. మాట్లాడగా మాట్లాడగా తేలింది. పొద్దుటి డ్యూటీ ఉండే 'ఏ' షిఫ్ట్ వారం తెల్లవారుజామున లేచి మాత్రా, కాఫీ ఒకేసారి. బీ షిఫ్ట్ వారం తీరిగ్గా మాత్ర వేసుకుని గంటకి టిఫిన్. సీ షిఫ్ట్ వారం పొద్దున్న ఇంటికొచ్చి ఇడ్లీ తిని, కాల్షియం మాత్రతో కలిపి. కాఫీ, కాల్షియం, ఐరన్, గ్యాస్ మాత్రలు ఇవన్నీ థైరాక్సిన్‌ని పేగుల్లోనే ఆపేస్తాయి. ఒక వారం సగం ఒంటికి పడుతుంది, ఇంకో వారం మొత్తం పడుతుంది. ఆయనకి రాత్రి భోజనమైన మూడు గంటల తర్వాత, లేదా షిఫ్ట్ ఏదైనా నిద్ర లేవగానే మంచినీళ్ళతో, ఏదో ఒకటి ఎంచుకోమన్నాను. లేవగానే వేసుకుంటే కాఫీకి అరగంట, వీలైతే గంట ఆగాలి. కాల్షియం, ఐరన్‌కి నాలుగు గంటల ఎడం. డోసు తగ్గించకుండానే, పెంచకుండానే కుదురుకున్నారు.

సీసా ఎక్కడ పెడుతున్నారో కూడా చూసుకోండి. మన ఊళ్ళో ఉప్పు డబ్బాలో ఉప్పు ఎలా చెమ్మగిల్లుతుందో తెలుసు కదా. పొయ్యి పక్కన గట్టు మీద, బాత్రూమ్ అలమరలో పెట్టకండి. స్టీలు డబ్బాలోకి ఒంపకండి, వచ్చిన సీసాలోనే, మూత బిగించి ఉంచండి. కంపెనీ మారిస్తే డాక్టరుకి చెప్పి ఆరు వారాలకి పరీక్ష చేయించుకోండి.

ఒళ్ళంతా దురద, దద్దుర్లు వస్తే అది హార్మోన్ వల్ల కాదు, మాత్రలో కలిపే రంగో, ఇంకో పదార్థమో కావచ్చు. డాక్టరు వేరే కంపెనీది ఇస్తారు. షుగర్‌కి ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకి మోతాదు పెంచాల్సి రావచ్చు. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్ళకి దాని పని ఎక్కువవుతుంది, ముందుగానే చెప్పాలి.

ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. కాన్పులో రక్తం బాగా పోయి, ఆ తర్వాత పాలు పడక, నెలసరి తిరిగి రాక, ఎప్పుడూ నీరసంగా, బీపీ తక్కువగా, కళ్ళు తిరుగుతూ ఉన్న ఆడవాళ్ళు మన పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళలో కొందరికి పిట్యూటరీ గ్రంథే దెబ్బతిని ఉంటుంది. స్టెరాయిడ్ హార్మోన్ కూడా తక్కువగా ఉంటుంది. దాన్ని సరిచేయకుండా ముందు థైరాయిడ్ మాత్ర మొదలుపెడితే ప్రాణం మీదికి వస్తుంది. మాత్ర మొదలుపెట్టాక బాగుపడకుండా వాంతులు, విపరీతమైన నీరసం వచ్చి మంచం పట్టారంటే, ఆ పాత కాన్పు కథ డాక్టరుకి మీరే చెప్పాలి. ముప్పై ఏళ్ళ కిందటిదని వదిలేయకండి.

ఇక ప్రశ్నలు అడగండి.

టీఎస్‌హెచ్ ఎక్కువ ఉన్నా అందరికీ మాత్ర అక్కర్లేదంటారు, నిజమేనా అనా? అవునమ్మా, నిజమే. అందరికీ అక్కర్లేదు. టీఎస్‌హెచ్ కొంచెమే ఎక్కువగా ఉండి, థైరాక్సిన్ మామూలుగా ఉంటే, ముఖ్యంగా పెద్దవాళ్ళలో, కొన్ని నెలలు ఆగి మళ్ళీ చూడొచ్చు. 2017లో యూరప్‌లో 65 దాటిన 737 మంది మీద చేసిన పరీక్షలో, ఇలాంటివాళ్ళకి మాత్ర ఇచ్చినా నీరసం ఏమీ తగ్గలేదు. కానీ ఆ నిర్ణయం మీ డాక్టరుతో కలిసి తీసుకోండి. గర్భిణులకి ఈ మాట వర్తించదు. గర్భం వచ్చిందని తెలియగానే మాత్ర మానడం కాదు, చాలామందికి డోసు పెంచాల్సి ఉంటుంది. అదే వారం వెళ్ళి చూపించుకోవాలి.

చివర్లో ఆ నీలం చీర ఆవిడ. మీ అత్తగారికి 70, మూడు వారాల కిందట 50తో మొదలుపెట్టారు, నాలుగు రోజులుగా చేతులు వణుకుతున్నాయి, నిద్ర లేదు. ఈ రాత్రి మాత్ర ఆపెయ్యమంటారా అని కదా అడిగారు. ఆవిడ రాత్రి కాదు కదా వేసుకునేది? పొద్దున్న. అయితే మనకి టైమ్ ఉంది. ఇంటికి వెళ్ళి ఆవిడని పది నిమిషాలు పడుకోబెట్టి, ఇందాక చూపించినట్టు నాడి చూడండి. ఛాతీలో ఏమైనా ఉందా, ఆయాసం ఉందా అని అడగండి. నాడి వంద దాటినా, లయ తప్పినా, ఛాతీలో ఏమాత్రం తేడా ఉన్నా ఇవాళే క్యాజువాలిటీకి తీసుకెళ్ళండి, కేజీహెచ్, అదే మన ప్రభుత్వ పెద్దాసుపత్రి, అయితే రాత్రంతా తెరిచే ఉంటుంది. అవేవీ లేకపోతే, రేపు పొద్దున్న మాత్ర వేసేముందే రాసిన డాక్టరుకి ఫోన్ చేసి ఈ నాలుగు రోజుల సంగతీ, నాడి అంకె కూడా చెప్పండి. తగ్గించమనవచ్చు, రెండు మూడు రోజులు ఆపమనవచ్చు. హార్మోన్ ఒంట్లో ఉంది కాబట్టి ఆ రెండు రోజులకి నష్టమేమీ లేదు. ఆవిడ మంచం పక్కన ఒక క్యాలెండరూ, పెన్సిలూ పెట్టండి.